చూపు పోతున్నా మెదడు చెప్పదు

మా నాన్నగారు వినుకొండలో ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. డెబ్బై దాటాక కూడా పొద్దున్నే అద్దాలు పెట్టుకుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు. అందుకే ఆయన కళ్ల గురించి ఇంట్లో ఎవరికీ బెంగ ఉండేది కాదు. గడప తగిలి తూలితే తొందరపాటు అన్నాం. అమ్మ పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసు చెయ్యి తగిలి ఒలికితే పరధ్యానం అన్నాం. బస్టాండు దగ్గర పక్కనుంచి బైకు వచ్చి తగిలినప్పుడు, నడిపిన కుర్రాణ్ని నాలుగు మాటలన్నాం.

ఆ మూడేళ్లలో రెండుసార్లు అద్దాలు మార్పించాం. రెండుసార్లూ గోడమీద అక్షరాలు చదివించి నంబరు రాసిచ్చారు. కంటిలో ఒత్తిడి ఎంతుందో వాళ్లు చూడలేదు, మేమూ అడగలేదు. చివరికి శుక్లాల ఆపరేషన్ కోసం తీసుకెళ్తే, డాక్టరుగారు కంటి నరాన్ని పరీక్షించి, ‘శుక్లాల సంగతి తర్వాత చూద్దాం. నీటికాసుల వల్ల రెండు కళ్లలోనూ పక్కచూపు చాలావరకు పోయింది’ అన్నారు. నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: ‘నా చూపు నాకే తెలియకుండా ఎలా పోతుందండీ?’

ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకున్నాకే ఇది రాస్తున్నాను. జబ్బు మొదలయ్యేది కంట్లోనే అయినా, దాన్ని దాచిపెట్టేది మెదడు.

కంటి ముందు భాగంలో ఎప్పుడూ ఒక పలచని ద్రవం ఊరుతుంటుంది. ఇది కన్నీరు కాదు, కంటి లోపల ఉండే నీరు. ఎంత ఊరుతుందో అంతా సన్నని జల్లెడలాంటి దారిగుండా బయటికి పోవాలి. ఆ దారి పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. పెరిగిన ఒత్తిడి కంటి వెనక ఉన్న నరాన్ని నొక్కుతూ నెమ్మదిగా దెబ్బతీస్తుంది. కొందరిలో ఒత్తిడి మామూలుగానే ఉన్నా నరం దెబ్బతింటుంది. కాబట్టి ఒత్తిడి ఒక్కటే చూస్తే చాలదు, నరాన్నీ చూడాలి.

ఈ నరంలో పది పన్నెండు లక్షల పోగులు ఉంటాయి. కంటి తెరమీద పడిన బొమ్మను మెదడుకు చేరవేసేవి ఇవే. ఇది చేతిలోనో కాలిలోనో ఉండే నరం లాంటిది కాదు, మెదడుకే కొనసాగింపు. అందుకే ఒకసారి ఎండిపోయిన పోగు మళ్లీ చిగురించదు. నష్టం అక్కడితో ఆగదు కూడా. కంటి నుంచి వచ్చే పోగులు మెదడు మధ్యలో ఒక మజిలీ దగ్గర ఆగి, అక్కడి కణాలకు కబురు అందిస్తాయి. అక్కడి నుంచి ఆ కబురు తల వెనక భాగంలోని చూపు కేంద్రానికి వెళ్తుంది. పోగులు పోయేకొద్దీ ఆ మజిలీలోని కణాలు కూడా కుంచించుకుపోతాయని పరిశోధనల్లో తేలింది. నీటికాసులను కంటి జబ్బుగానే కాక నాడుల జబ్బుగానూ వైద్యులు చూస్తున్నది ఇందుకే.

మరి తెలియకపోవడం ఎందుకు? ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. తెల్లకాగితం మీద అడ్డంగా ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఎడమవైపు చుక్కనే చూస్తూ కాగితాన్ని ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి కాస్త ముందుకూ వెనక్కూ జరపండి. ఒకచోట కుడివైపు చుక్క మాయమవుతుంది. నరం కంటిలోంచి బయటికి వెళ్లే చోట ప్రతి మనిషికీ ఇలాంటి గుడ్డి మచ్చ ఉంటుంది. కానీ మీకు అక్కడ నల్లటి రంధ్రం కనిపించిందా? లేదు. చుట్టూ ఉన్న తెల్లకాగితాన్నే మెదడు అక్కడ పరిచేసింది.

నీటికాసుల్లోనూ జరిగేది ఇదే. పోయిన ముక్కను మెదడు చుట్టుపక్కల రంగులతో పూడ్చేస్తుంది. ఒక కన్ను చూడలేనిది రెండో కన్ను చూసి సర్దుతుంది. నడిమి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది కనుక అక్షరాలు చదవగలం, సూదిలో దారం ఎక్కించగలం. జబ్బు ముదిరితే గొట్టంలోంచి చూసినట్టు చుట్టూ నలుపు కమ్ముతుందని మనం బొమ్మల్లో చూస్తుంటాం. 2013లో లండన్ పరిశోధకులు యాభై మంది రోగులకు రకరకాల బొమ్మలు చూపించి ‘మీకు ఎలా కనిపిస్తోంది’ అని అడిగితే, ఒక్కరు కూడా ఆ నల్లగొట్టం బొమ్మను ఎంచుకోలేదు. కొంత మసక అనీ, కొన్ని వస్తువులు ఉండాల్సిన చోట లేవనీ చాలామంది చెప్పారు. నలుగురిలో ఒకరు తమకు ఏ లోపమూ తెలియడం లేదన్నారు. మన గ్లాసు ఒలికిందీ ఇందుకే, బైకు తగిలిందీ ఇందుకే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేల మందికి పైగా కళ్లను పరీక్షించింది. హైదరాబాద్‌లో నలభై దాటినవారిలో నూటికి ఇద్దరు ముగ్గురికి, నొప్పి లేకుండా నెమ్మదిగా ముదిరే రకం నీటికాసులు బయటపడ్డాయి. వారిలో పదిమందికి తొమ్మిది మందికి పైగా ఆ పరీక్ష జరిగేదాకా తమకు జబ్బు ఉన్నట్టే తెలియదు. ఆసుపత్రులు అందుబాటులో ఉన్న మహానగరంలోనే ఇలా ఉంటే, పల్నాడు పల్లెల సంగతి వేరే చెప్పాలా?

నా అభిప్రాయం ఇదీ. మన ఊళ్లలో కంటి శిబిరాలకు కొదవ లేదు. ప్రభుత్వం కూడా 2019 అక్టోబరులో కంటివెలుగు మొదలుపెట్టి, ముందు బడిపిల్లలకు, తర్వాత అవ్వాతాతలకు పరీక్షలు చేయించింది. అవి మంచి పనులే. అయితే శిబిరం అనగానే మన దృష్టి అద్దాల మీద, శుక్లాల మీదే ఉంటోంది. శుక్లాల వల్ల తగ్గిన చూపు ఆపరేషన్‌తో తిరిగొస్తుంది. నీటికాసుల వల్ల పోయినది రాదు. తిరిగొచ్చే చూపు కోసం ఇన్ని శిబిరాలు పెడుతున్నప్పుడు, తిరిగిరాని చూపు కోసం నలభై దాటిన ప్రతి ఒక్కరికీ ఒత్తిడి, నరం పరీక్ష కూడా చేయమని అడగడం అత్యాశ కాదు. అద్దాల కొట్టులో నంబరు చూపించుకోవడాన్ని కంటి పరీక్ష అనుకోవడం మనమూ మానాలి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి ఉంది. మిరపకోతలు, కల్లాలు, యార్డుల రోజుల్లో ఘాటుకు కళ్లు ఎర్రబడి మండటం మనకు మామూలే. మందుల షాపులో ‘కళ్లమంటకు చుక్కలు’ అని అడిగితే ఒక్కోసారి స్టెరాయిడ్ కలిసిన మందు చేతికొస్తుంది. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది కనుక ఏటా అదే కొంటాం. డాక్టరు పర్యవేక్షణ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేసుకుంటే కొందరికి కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి. ఘాటు తగిలితే ముందు చల్లటి శుభ్రమైన నీళ్లతో కడగండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. పాత సీసాను మళ్లీ తీయకండి.

జబ్బు ఉందని తేలితే భయపడి కూర్చోవాల్సిన పని లేదు. చుక్కల మందు, లేజర్, ఆపరేషన్, ఏదైనా ఒత్తిడిని తగ్గించి మిగిలిన చూపును కాపాడటానికే. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ‘నెల రోజులు వేశాను, చూపేమీ పెరగలేదు’ అని సీసా పక్కన పెట్టేస్తారు. ఆ మందు చూపు పెంచేది కాదు, ఉన్నది పోకుండా ఆపేది. బీపీ మాత్రలాగా రోజూ వేసుకోవాల్సిందే. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, కొన్ని రకాల చుక్కలు వాళ్లకు పడవు. ఒక్కసారిగా కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నీటికాసులు రక్తసంబంధీకుల్లో ఎక్కువగా వస్తాయని డాక్టరుగారు చెప్పిన రోజు సాయంత్రమే నాన్నగారు నరసరావుపేటలో ఉన్న మా బాబాయికి ఫోను చేశారు. ‘నాకు బాగానే కనపడుతోంది అన్నయ్యా’ అన్నాడాయన. ‘నాకూ బాగానే కనపడిందిరా’ అన్నారు నాన్నగారు. ఆ మాటకు కదిలి బాబాయి పరీక్ష చేయించుకున్నాడు. జబ్బు తొలిదశలోనే దొరికింది. రోజూ రాత్రి చుక్క వేసుకుంటూ ఇవాళ్టికీ తన స్కూటరు తనే నడుపుకుంటున్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే, తోబుట్టువులకూ పిల్లలకూ ఈ వారమే ఫోను చేయండి. బాగానే కనపడుతోందని వాళ్లు అంటారు. అయినా పంపండి.