నంబర్ వన్ కుర్రాడు ఎందుకు తడబడ్డాడు?

కాలేజ్ టాపర్ ఉద్యోగంలో తడబడితే చాలు, "వీడిలో విషయం లేదు" అనేస్తాం. ఐస్ హాకీలో అలెక్సీ లాఫ్రెనియేర్ గురించి కూడా చాలామంది అదే అన్నారు.

కెనడా కుర్రాడు. 2019-20లో జూనియర్ లీగ్‌లో 52 మ్యాచ్‌ల్లో 112 పాయింట్లు కొట్టాడు. అక్కడ గోల్ కొట్టినా, కొట్టించినా పాయింటే. 2020 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ అందరికంటే ముందు అతన్నే ఎంచుకుంది. ఆ తర్వాత ఐదు సీజన్ల గోల్స్ చూడండి: 12, 19, 16, 28, 17. ఒకసారి ఎక్కుతాడు, మరోసారి దిగుతాడు.

టాలెంట్ ఎటు పోయింది? ఎటూ పోలేదు. ముందు అతనికి దొరికిన చోటు చూడాలి.

అతను లెఫ్ట్ వింగ్ ఆటగాడు. రేంజర్స్‌లో ఆ చోట అప్పటికే పనారిన్, క్రైడర్ పాతుకుపోయి ఉన్నారు. దాంతో ఇతనికి ఎక్కువగా కింది లైన్లలో ఆడటమే మిగిలింది. అంటే ఐస్ మీద ఉండే నిమిషాలు తక్కువ. దానికి తోడు పవర్ ప్లే ఒకటి. ప్రత్యర్థి పెనాల్టీ వల్ల ఒక మనిషి తక్కువతో ఆడే ఆ రెండు నిమిషాల్లో గోల్ కొట్టడం తేలిక. ఆ ఛాన్స్ సీనియర్లదే. 2021-22లో లాఫ్రెనియేర్ కొట్టిన 19 గోల్స్‌లో పవర్ ప్లేది ఒక్కటీ లేదు. అదే ఏడాది క్రైడర్ 52 కొడితే, అందులో 26 పవర్ ప్లేవే!

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఏడాదంతా బగ్ ఫిక్సింగ్ చేయించి, అప్రైజల్‌లో "కొత్తగా ఏం చేశావ్?" అని అడిగినట్టు.

2023-24లో కోచ్ లావియోలెట్ వచ్చాడు. కుర్రాణ్ని రైట్ వింగ్‌కి మార్చి పనారిన్, ట్రోచెక్‌ల పక్కన ఆడించాడు. గోల్స్ 28 అయ్యాయి.

మరి ఆ తర్వాత 17కి ఎందుకు పడ్డాడు? 2024 అక్టోబర్‌లోనే ఏడేళ్లకి 5.2 కోట్ల డాలర్ల పైచిలుకు కాంట్రాక్టు కూడా వచ్చింది కదా! నిజమే, అన్నీ కోచ్‌ల మీదకి నెట్టేయలేం. అయితే ముందు ఏడాది లీగ్ టాపర్‌గా నిలిచిన రేంజర్స్ ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. జట్టంతా కుదేలైతే ఒక్కడి లెక్క బాగుంటుందా? పైగా మ్యాచ్‌కి రెండు మూడు షాట్లు కొట్టే ఆటలో, ఏడాది మొత్తంలో ఓ పది షాట్లు అంగుళం అటూ ఇటూ అయితే హీరో కాస్తా జీరో.

నిలకడ అనేది ఆటగాడి ఒంట్లో ఉండే విటమిన్ కాదు. చోటు, సమయం, పక్కనున్నవాళ్లు, కాస్త అదృష్టం... అన్నీ కలిస్తేనే వస్తుంది.

మీ టీమ్‌లోనూ ఓ టాపర్ ఫ్రెషర్ డల్‌గా కనిపిస్తున్నాడా? ముద్ర వేసే ముందు, ఆర్నెల్లుగా అతనికి ఏ పని ఇచ్చారో, ఎవరి పక్కన కూర్చోబెట్టారో ఒకసారి చూడండి.