దాచరాని రెండు వ్యాధులు



పెండ్లి సంబంధములు తప్పిపోవునను భయముచే మన గృహములందు దాచిపెట్టు వ్యాధులలో రెండు ముఖ్యమైనవి. వంశమున వచ్చు రక్తస్రావ వ్యాధి యొకటి. తీవ్రమైన మనోవ్యాధి యొకటి. ఈ రెండును ఒక్కరియందే యున్నప్పుడు, దాపరికము ప్రాణముమీదికి తెచ్చును. కావున ఈ మాసమున మేము దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

రక్తము గడ్డకట్టని జబ్బనగానే హీమోఫిలియా జ్ఞప్తికి వచ్చును. అది తీవ్రరూపమున మిక్కిలిగా మగపిల్లలకే కలుగును. ఆడుపిల్లలకును సంక్రమించునది వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి. ఫిన్లండు దేశపు వైద్యుడు ఎరిక్ వాన్ విల్లిబ్రాండు 1926లో దీనిని వర్ణించెను. ఆయన పరీక్షించిన బాలిక తరువాత ఋతుస్రావముచేతనే మరణించెను. ముట్టు మితిమీరుట, పన్ను తీసిన పిదప నెత్తురు నిలువకుండుట, చిన్నదెబ్బకే కమిలిపోవుట దీని గుర్తులు.

ఇట్టి స్త్రీకి స్కిజోఫ్రీనియాయో బైపోలార్ వ్యాధియో తోడైనచో, ఒకదాని మందు రెండవదానికి చెరుపు చేయవచ్చును. దిగులునకిచ్చు ఫ్లూఆక్సెటీన్, సెర్ట్రలీన్ మొదలగునవి ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేయును. వాల్‌ప్రోయేట్ వాని సంఖ్యను తగ్గింపవచ్చును. గర్భస్థ శిశువునకును అది హానికరము. మాత్రలు మింగని రోగికి నెలకొకసారి కండకిచ్చు సూదిమందు సౌకర్యమైనదే. కాని యీమెకు పొడిచినచోటనే లోపల నెత్తురు చేరవచ్చును. రక్తము నిలుపుటకిచ్చు డెస్మోప్రెసిన్ దేహమున నీటిని నిలిపి, రక్తమందలి ఉప్పును పలుచన చేయును. కార్బమజెపీన్ తోడైనచో ఆ యపాయము హెచ్చును. అప్పుడు కలుగు మతిభ్రమను చూచి, పాతజబ్బే తిరుగబెట్టినదని యింటివారు పొరబడుదురు. తలకు దెబ్బ తగిలిన పిమ్మట వచ్చు మగతయు నట్టిదే. తక్షణమే ఆస్పత్రికి కొనిపోవలయును.

ఇది చదివి మనోవ్యాధి మందులను మీయంతట మీరు మాన్పింపకుడు. హఠాత్తుగా మానినచో వ్యాధి తిరుగబెట్టును. ఏ మందు మార్చవలయునో, సూదికి ముందు రక్తము గడ్డకట్టుటకు ఏమి యీయవలయునో, వైద్యులిరువురును కలసి నిర్ణయింపవలయును. వారికి రెండు వ్యాధులను దెలుపుట మన వంతు.

అందులకొక చిన్న పుస్తకము చాలును. రెండు వ్యాధుల పేర్లు, మందులు, మోతాదులు, ముట్టు తేదీలు, వైద్యులిరువురి ఫోను నంబర్లు అందు వ్రాసి, ఏ ఆస్పత్రికేగినను మొదట దానిని చూపుడు. నొప్పికి ఆస్పిరిన్, ఇబూప్రొఫెన్ అంగటినుండి తెచ్చి యీయకుడు.

తల్లి వంశమును నిందించుటయు న్యాయము కాదు. హీమోఫిలియా కలవారిలో దాదాపు మూడవవంతు మందికి ఇంటిలో పూర్వమెవ్వరికిని ఆ జబ్బు లేదు. వాన్ విల్లిబ్రాండ్ వ్యాధి తండ్రినుండియు రావచ్చును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున హీమోఫిలియాయు మనోవ్యాధియు రెండును చేరియున్నవి. మనోవ్యాధి విషయమై సలహాకు 14416 నంబరుకు ఫోను చేయవచ్చును.

చట్టము సిగ్గుపడక పేర్కొన్న వ్యాధులను వైద్యుని యెదుట మనమేల దాచవలయును? ఇరుగుపొరుగులకు చెప్పుట చెప్పకపోవుట మీ యిష్టము. మందు వ్రాయు వానికి మాత్రము రెండును చెప్పుడు.