ఎరువు పనిముట్లు

మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1996లో మూతబడినను, పాత యెజ్డీ బండ్లు కొన్ని నేటికీ నడుచుచున్నవి. వాటి క్లచ్ విప్పుటకు స్ప్రింగులను అదిమిపట్టు ప్రత్యేక సాధనము కావలెను. అది లేనివాడు స్క్రూడ్రైవరుతో, సుత్తితో పెనుగులాడి మంచి భాగములను కూడ పాడుచేసికొనును. ఎప్పుడో ఒకసారి అక్కరపడు ఈ పనిముట్టును ప్రతి యజమానియు కొనుట వృథా. కొన్నవాడు తోటివానికి ఈయక బీరువాలో దాచుట అంతకన్న వృథా.

ఖురాను 107వ అధ్యాయము పేరు ‘మాఊన్’. ఇరుగుపొరుగువారు ఎరువడుగు గొడ్డలి, కుండ, బొక్కెన వంటివని ఆ పదమునకు వ్యాఖ్యాతలు కొందరు అర్థము చెప్పిరి. క్లచ్ సాధనమునూ ఆ వరుసలో చేర్చవచ్చునని మా అభిప్రాయము. తీసికొన్నవాడు మరచుటయు లోకరీతియే గదా! పేరు, తేదీ వ్రాసికొనుటకు సంకోచమెందుకు? అప్పును వ్రాసికొనుమని రెండవ అధ్యాయములోనే కలదు.