కృష్ణబిలం ఊరికే మింగేయదు

సంపాదకులకు,

గత సంచికలోని కృష్ణబిలాల వ్యాసం బాగుంది. కానీ దగ్గరికొచ్చిన వాయువునల్లా గురుత్వం లాగేసుకుంటుందన్న మాట సగమే నిజం. గురుత్వం ఒక్కటే అయితే ఆ వాయువు, సూర్యుడి చుట్టూ భూమిలా, డిస్కుగా తిరుగుతూనే ఉంటుంది. కోణీయ ద్రవ్యవేగం వదిలించుకుంటేగానీ లోపలికి జారదు. మామూలు స్నిగ్ధత అందుకు ఏమాత్రం చాలదు. ఆ పని చేసిపెట్టేది అయస్కాంత క్షేత్రం, అదీ బలహీనమైనదైనా సరే! లోపలి పొర వేగంగా, బయటి పొర నెమ్మదిగా తిరుగుతుంటే, రెంటినీ కలిపే క్షేత్రరేఖ రబ్బరు దారంలా సాగి లోపలిదాన్ని వెనక్కి, బయటిదాన్ని ముందుకు లాగుతుంది. లోపలిది ఇంకా లోతుకు జారుతుంది, దారం మరింత సాగుతుంది, అల్లకల్లోలం మొదలవుతుంది. ఈ అస్థిరత్వాన్ని శాస్త్రవేత్తలు వెలిఖోవ్ 1959లో, చంద్రశేఖర్ 1960లో గుర్తించారు. డిస్కులకు దాని ప్రాముఖ్యం చాటింది మాత్రం 1991లో బాల్బస్, హాలీ. అంత ఆలస్యం నాకైతే వింతే.

న్యూట్రాన్ తారల కథ వేరు. అక్కడ తార సొంత క్షేత్రం బలంగా ఉంటే డిస్కును మధ్యలోనే ఆపి, వాయువును ధ్రువాల మీదికి మళ్లిస్తుంది.

వ్యాసకర్త విదేశీ టెలిస్కోపుల దగ్గరే ఆగిపోయారు. 2024 జనవరి 1న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహం, ఇలాంటి చోట్ల నుంచి వచ్చే ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలవడానికే పుట్టింది. దాని మీద ఒక వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు, నాదర్‌గుల్