హాల్లో థియేటరట, క్యాంటీను మాత్రం మనదేనట

ఈ మధ్య ఎవరింటికెళ్లినా ఇదే మాట. టీవీ దేనికి, అదే డబ్బుకి ప్రొజెక్టరు కొంటే ఇల్లే సినిమా హాలైపోతుంది కదా అని. మగపిల్లలున్న ఇళ్లలో మరీను. మార్కాపురంలో మా వీధిలోనే రెండిళ్లకి వచ్చాయి. గిద్దలూరులో మా ఆడపడుచు వాళ్లింట్లో ఒకటుంది. మా పెద్దోడు ఇంకా దరఖాస్తు దశలో ఉన్నాడు. రోజుకో వీడియో పెడతాడు. ఇది ఎనిమిది వేలు, అది పదిహేను, దీనికిన్ని ల్యూమెన్లు, దానికిన్ని, ఇందులో గేములు బాగుంటాయి, అందులో సినిమా బాగుంటుంది. వాళ్ల నాన్న పక్కన కూర్చుని తలూపుతుంటారు. ఆ వీడియోలన్నీ నేనూ వింటూనే ఉన్నాను, కూరలు తరుగుతూ. పెట్టెని పెట్టెతో పోల్చేవాళ్లే గానీ, ఆ పెట్టె వచ్చి కూర్చునే ఇంట్లో ఎవరెవరుంటారు, ఎవరేం చేస్తుంటారు అని అడిగినవాడు ఒక్కడూ లేడు. కాబట్టి ఆ పోలికేదో నేనే చేస్తాను.

ముందు ఆ ల్యూమెన్ల సంగతి తేల్చుకుందాం. సంతలో వంకాయలు తూచే కిలో రాయి మీద కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. అది లేకపోతే మనం ఊరుకుంటామా? ఈ చవక ప్రొజెక్టర్ల పెట్టెల మీద మాత్రం 6000 ల్యూమెన్లు, 9000 ల్యూమెన్లు అని ఎవరికి తోచింది వాళ్లు అచ్చేసుకుంటున్నారు. అసలు కొలత పేరు ఆన్సీ ల్యూమెన్. తెరని తొమ్మిది గళ్లుగా అనుకుని, తొమ్మిది చోట్లా పడే వెలుగు కొలిచి, సగటు తీసి లెక్క కడతారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది గానీ ప్రొజెక్టరుకి ఒక్క మెతుకు చాలదు. నడిమధ్య ధగధగలాడి అంచులు మసకబారేవే ఎక్కువ. ఇంకో అంతర్జాతీయ కొలతా ఉంది, ఐఎస్ఓ ల్యూమెన్ అంటారు. ఈ రెండిట్లో ఏదో ఒకటి రాసి ఉంటే సరే. ఉత్త ల్యూమెన్లు, ఎల్ఈడీ ల్యూమెన్లు అని రాస్తే అది కొలత కాదు, కోరిక.

ఒక లెక్క చూడండి. లూమియో వాళ్లు 2025లో తెచ్చిన ఆర్క్ 5కి 200 ఆన్సీ, ఆర్క్ 7కి 400 ఆన్సీ అని రాశారు. మొదటిదే ఇరవై వేల దగ్గర. మరి ఏడు వేల పెట్టెకి 9000 ఎక్కణ్ణుంచి వచ్చాయి? బెన్‌క్యూ, ఎప్సన్ వాళ్ల సినిమా ప్రొజెక్టర్లు 3000 దాటతాయి, ధర కూడా యాభై వేలు దాటుతుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు పెద్దలు. గొలుసు కొనేటప్పుడు హాల్‌మార్కు ఏదని అడిగే మన ఇంటి మగవాళ్లు ఇక్కడికొచ్చేసరికి పెట్టె మీద అంకె చూసి మురిసిపోవడం నాకు అర్థం కాదు.

4కే అనేది ఇంకో మాయ. "4కే సపోర్ట్" అంటే 4కే సినిమా పెడితే వద్దనదు అని మాత్రమే. గోడ మీద పడేది దాని సొంత చుక్కలే. 4కే బొమ్మలో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. 1280 బై 720 అని లోపలెక్కడో చిన్న అక్షరాల్లో రాసి ఉన్న ప్రొజెక్టరు వేసేది 9 లక్షల పైచిలుకు. కొన్నయితే 800 బై 480, నాలుగు లక్షలు కూడా లేవు. అడగాల్సిన మాట "నేటివ్ రిజల్యూషన్ ఎంత" అని. 1920 బై 1080 అని చెబితేనే తర్వాతి మాట మాట్లాడండి. లేకపోతే వంద అంగుళాల గోడ మీద హీరో మొహం గళ్ల లుంగీలా కనిపిస్తుంది.

ఇక చీకటి. మన మార్కాపురం పలకల ఊరు. నల్ల పలక మీద తెల్ల బలపంతో రాసి పెరిగాం. ప్రొజెక్టరు దీనికి తలకిందులు. అది వెలుగు రాయగలదు గానీ నలుపు రాయలేదు. నలుపు అంటే అక్కడ వెలుగు వెయ్యకుండా వదిలేయడమే. అంటే మీ గోడ ఎంత నల్లగా ఉందో సినిమాలో రాత్రి అంత నల్లగా ఉంటుంది. హాల్లో ట్యూబులైటు వేస్తే గోడ తెల్లబడుతుంది, సినిమాలో అర్ధరాత్రి కాస్తా సాయంకాలమైపోతుంది. గోడకి లేతాకుపచ్చ రంగుంటే హీరోయిన్‌కి కామెర్లు. తోలుబొమ్మలాట వాళ్లు పొద్దుపోయాక పంచె కట్టి దీపం పెట్టేది ఇందుకే. వాళ్లకి ఎవరూ ఆన్సీ లెక్క చెప్పలేదు, అయినా తెలుసు.

ఆ చీకటి మన ఇళ్లలో ఎలా వస్తుంది? కిటికీలు మూసి, పరదాలు దించి, లైట్లన్నీ తీసేస్తే వస్తుంది. మే నెలలో మనవైపు 43, 44 డిగ్రీలు కొత్త కాదు. ఏడు దాటితే గానీ చీకటి పడదు. పగలంతా కాలిన స్లాబు రాత్రికి వేడి కక్కుతుంటే, ఉన్న ఒక్క గాలిదారీ మూసుకుని, లోపల వేడి ఊదే ఇంకో డబ్బా పెట్టుకుని కూర్చోవాలి. దాని ఫ్యాను చప్పుడు అదనం. ఏసీ ఉన్నవాళ్ల సంగతి వేరు. మా హాల్లో లేదు. మా అత్తమ్మ చీకట్లో లేచి బాత్రూముకి వెళ్తూ బండల మీద వైరు తట్టుకుంటే తర్వాత ఒంగోలు ఆస్పత్రికి తిరిగేది ఎవరు? మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, హాల్లో ట్యూబులైటు కిందే చదువుకుంటుంది. ఆ పిల్ల పుస్తకాలు పట్టుకుని ఎక్కడికి పోవాలి? వంటింట్లోకా? ఈ ప్రశ్నకి ఏ వీడియోలోనూ జవాబు లేదు.

స్థలం లెక్క కూడా వేశాను. వంద అంగుళాల బొమ్మ పడాలంటే మామూలు ప్రొజెక్టరు గోడకి దాదాపు తొమ్మిదడుగుల దూరంలో ఉండాలి. మా హాలు పది బై పన్నెండు. టేపు పెట్టి చూస్తే అది కూర్చునేది సరిగ్గా వంటింటి గుమ్మం ముందు. అంటే నేను మంచినీళ్ల చెంబుతో బయటికొచ్చిన ప్రతిసారీ నా నీడ తెర మీద పడుతుంది. "అమ్మా, అడ్డు లే!" మా ఆడపడుచు వాళ్లింట్లో ఈ మాట రెండున్నర గంటల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆమె వంగి, దాదాపు పాకుతూ, ఆ వెలుగు కింద నుంచి పకోడీల పళ్లెం అందిస్తోంది. సొంతింట్లో, తను తుడిచిన బండల మీద. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మా పెద్దోడు లెక్క చెబుతాడు: నలుగురం థియేటరుకి వెళ్తే టికెట్లు, పాప్‌కార్న్, ఆటో, ఇంతవుతుంది, ఏడాదికి ఇన్ని సినిమాలు, ప్రొజెక్టరు డబ్బులు ఏడాదిలో తిరిగొస్తాయి. లెక్క బాగానే ఉంది. అందులో నా పని మాత్రం లేదు. థియేటరు అంటే మనకి తెర ఒక్కటేనా? మంచి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, తాళం వేసి బయటపడటం. మూడు గంటల సేపు ఎవరూ కాఫీ అడగకపోవడం. ఇంటర్వెల్‌లో ఎవరో చేసిన సమోసా మనం కూర్చుని తినడం. చీకట్లో మనకి ఏడుపొస్తే ఏడవడం, అటు స్టవ్ మీద పాలు చూసుకోనక్కర్లేకుండా. మన ఊళ్లలో ఆడవాళ్లకి గుడి, పెళ్లి, ఆస్పత్రి కాకుండా బయటికెళ్లే చోటు ఇంకేముంది చెప్పండి. ఆ ఒక్కటీ హాల్లోకి తెచ్చేస్తే తెరేమో వాళ్లకి, క్యాంటీనేమో నాకు. ఆట అయిపోయాక ఊడ్చేదీ నేనే. థియేటర్లోనైనా ఊడ్చేవాళ్లకి జీతమిస్తారు.

వెనక వీసీఆర్ రోజుల్లో టీవీతో సహా రాత్రికి అద్దెకి తెచ్చుకుని, వీధి వీధంతా చూసేవాళ్లం, అది వేరు. ఒక్క రాత్రితో అయిపోయేది, తెల్లారి వాళ్లది వాళ్లకి ఇచ్చేసేవాళ్లం.

గేముల సంగతి నాకు తెలీదని మావాడి నమ్మకం. తెలుసుకున్నాను. బటన్ నొక్కింది తెర మీద కనిపించడానికి పట్టే ఆలస్యాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. తెర సెకనుకి 60 సార్లు మారుతుంది కాబట్టి ఒక్కో బొమ్మకి దాదాపు 17 మిల్లీ సెకన్లు. ఆలస్యం 30, 40 లోపుంటే ఆడుకోవచ్చు. చవకవాటిలో కొన్నిటికి వంద దాటుతుంది, అంటే ఆరు బొమ్మలు వెనక. బంతి వికెట్టుకి తగిలాక బ్యాటు ఊపినట్టు. పైగా ప్రొజెక్టరుని పక్కకి పెట్టి, వంకర బొమ్మని చదరం చేసే కీస్టోన్ వాడితే ఈ ఆలస్యం ఇంకా పెరగొచ్చు, ఉన్న చుక్కలూ కొన్ని తగ్గుతాయి. మా హాల్లో దాన్ని గుమ్మం ముందు నుంచి పక్కకి జరపాలంటే కీస్టోన్ తప్పదు. గేముల కోసం కొంటున్నామంటే గేమ్ మోడ్ ఉందా, ల్యాగ్ ఎంత అని అంకెతో అడగాలి. అంకె చెప్పలేనివాడు "స్మూత్‌గా ఉంటుంది మేడం" అంటాడు.

"30,000 గంటలు మన్నుతుంది" అనేదీ అంతే. రోజుకి మూడు గంటల చొప్పున 27 ఏళ్లు. అంత మన్నేది లోపలి దీపం మాత్రమే. లోపలికి గాలి పీల్చుకునే చవక ఎల్‌సీడీ ప్రొజెక్టర్లలోకి దుమ్ము పోతే బొమ్మ మీద మచ్చలు నిలిచిపోతాయి. మన దుమ్ము సంగతి మీకు వేరే చెప్పాలా, పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. మా వీధిలో ఒకరిది ఏడాది తిరక్కుండానే కుడి మూల నీలం మరక పడింది. కంపెనీ పేరెందుకు లెండి, సర్వీసు సెంటరు ఎక్కడో హైదరాబాదులో ఉందన్నారట. అది అటక మీదికెక్కింది. నెట్‌ఫ్లిక్స్ కూడా అన్నిట్లో సరిగ్గా రాదు. అనుమతి లేని పెట్టెల్లో అసలు తెరుచుకోదు, తెరుచుకున్నా అలుక్కుపోయినట్టు ఉంటుంది. విడిగా ఒక స్టిక్ కొని గుచ్చాలి, ఆ మూడు నాలుగు వేలు మావాడి లెక్కలో లేవు. తెర, స్పీకరు కూడా లేవు.

2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెద్ద టీవీల మీదా తగ్గిందని మావాడు చెప్పడు. ఇరవై వేల దగ్గర్లో 43 అంగుళాల టీవీ వస్తుంది. లైటు వేసుకుని చూడొచ్చు, అత్తమ్మ సీరియలూ, అమ్మాయి చదువూ ఒకే గదిలో సాగుతాయి, నేను దాని ముందు నిటారుగా నడవొచ్చు.

ప్రొజెక్టరు అసలు వద్దనడం లేదు నేను. దానికి మన ఇళ్లలో ఒక మంచి చోటుంది, మిద్దె. ఎండాకాలం రాత్రి ఎనిమిదిన్నర తర్వాత నీళ్లు చల్లి, చాపలు పరుచుకుని, పిట్టగోడకి తెల్ల దుప్పటి కడితే చాలు. చీకటి దేవుడిస్తాడు, గాలి నల్లమల ఇస్తుంది, ఎవరి దారికీ అడ్డు లేదు. పక్కింటి వదినా వాళ్లనీ పిలవొచ్చు. బొమ్మ వంద అంగుళాలు అక్కర్లేదు, యాభై చేస్తే అదే వెలుగు నాలుగింతలు చిక్కగా పడుతుంది. నెలకి రెండు రాత్రులు. తినేవి ఆ రెండు రాత్రులూ బజారు నుంచి, తెచ్చేది మగవాళ్లు. ఈ షరతు మీద నేను సంతకం పెడతాను.

మావాడికి కాగితం మీద రాసిచ్చాను: ఆన్సీ ఎంత, నేటివ్ ఎంత, ల్యాగ్ ఎంత, సర్వీసు ఏ ఊళ్లో, చీకటి గదిలో కాకుండా ట్యూబులైటు వేసి చూపిస్తారా. పెట్టె మీద అబద్ధం రాస్తే ఫిర్యాదు చెయ్యడానికి 1915 నంబరు ఉందని, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చని కూడా కింద రాశాను. నిన్న వాడు ఒంగోలులో ఒక షాపుకి ఫోన్ చేశాడు. మొదటి ప్రశ్నకి అవతలాయన "సార్, చాలా బ్రైటు" అన్నాడట. ఎన్ని ఆన్సీ అని మావాడు మళ్లీ అడిగితే, ఓనరు భోజనానికెళ్లారు, వచ్చాక చెప్తామన్నారు. ఇంకా భోజనం అవలేదు.