డయానా ఎడుల్జీ సాధించిపెట్టినది

అంతర్జాతీయ క్రికెట్ మండలి 2023 నవంబరులో తన 'హాల్ ఆఫ్ ఫేమ్'లో డయానా ఎడుల్జీ పేరును చేర్చింది. భారత మహిళలలో ఆ గౌరవం తొలుత దక్కినది ఆమెకే. ఎడమచేతి స్పిన్ బౌలరుగా 20 టెస్టులలో 63 వికెట్లు తీసిన విషయాన్ని క్రీడాపత్రికలు చెప్పనే చెప్పాయి. ఉద్యోగవర్గం జ్ఞాపకం పెట్టుకోవలసిన లెక్క మరొకటి ఉన్నది.

బొంబాయిలోని బధ్వార్ పార్క్ రైల్వే కాలనీలో పెరిగిన ఆమె 1976లో తొలి టెస్టు ఆడేనాటికి మహిళా క్రికెట్‌కు సంఘమంటూ ఉన్నదే గాని నిధులు లేవు. క్రీడాకారిణులు రిజర్వేషను లేని పెట్టెలలో ప్రయాణం చేసి, డార్మిటరీలలో పడుకుని ఆడారు. (ఆ టిక్కెట్లు తనిఖీ చేసినవారిలో మన సభ్యులూ ఉండే ఉంటారు.) పశ్చిమ రైల్వే ఉద్యోగిని అయిన ఎడుల్జీ 1980లలో, నాడు రైల్వే శాఖను చూస్తున్న మాధవరావు సింధియాను ఒప్పించి, మహిళా క్రికెటర్లకు రైల్వేలలో ఉద్యోగాలు ఇప్పించారు. ఆమె తీసిన వికెట్లన్నిటికంటె ఈ నియామకాలే గొప్పవని మా అభిప్రాయం.

"ఆడి ఏం సంపాదిస్తావు?" అని అడిగే ఇంటిలో ఆడపిల్లకు జవాబు చెప్పగలిగింది నెలజీతం, భవిష్యనిధి, వైద్యసదుపాయం గల ఉద్యోగమే. మహిళల ఆట 2006లో క్రికెట్ నియంత్రణ మండలి చేతికి వచ్చింది; మండలి వారికి వార్షిక కాంట్రాక్టులు ఇచ్చింది 2015లో. అంతవరకు ఎందరో క్రీడాకారిణుల ఇంట పొయ్యి వెలిగించింది రైల్వే జీతమే. 2017లో లార్డ్స్ మైదానంలో ప్రపంచకప్ ఫైనల్ చేరిన 15 మంది జట్టులో 10 మంది రైల్వే ఉద్యోగినులు. వారి నాయకురాలు మిథాలీ రాజ్ సికిందరాబాదులో పెరిగి, దక్షిణ మధ్య రైల్వేలో ఉద్యోగం చేసిన మనిషి. 2022లో విరమించేనాటికి ఆమె వన్డేలలో చేసిన పరుగులు 7,805.

ఇదంతా శాశ్వత ఉద్యోగం వల్ల సాధ్యమయింది. ఖాళీలను భర్తీ చేయక, ఒక్కొక్క పనినే కాంట్రాక్టరుకు అప్పగిస్తూ పోతే రేపటి క్రీడాకారిణికి నియామక పత్రం ఎక్కడినుండి వస్తుంది? కాంట్రాక్టరు శిక్షణ శిబిరానికి సెలవిస్తాడా?

పదోన్నతి మాటకొస్తే, 2015లో సెంట్రల్ రైల్వేలో చేరి టిక్కెట్ తనిఖీదారుగా పనిచేసిన స్వప్నిల్ కుసాలే 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు. ఆపై వెనువెంటనే ప్రత్యేకాధికారి హోదా వచ్చింది. సంతోషమే. అయితే పతకం చేజారినవారి సర్వీసు సర్వీసు కాదా?

మరొక మాట కూడా దాచరాదు. క్రీడాకారుడు శిబిరానికి పోతే అతని డ్యూటీ సెక్షనులో మిగిలినవారిపై పడుతున్నది. అందువల్ల పుట్టే విసుగును ఆటగాడిపై చూపడం అన్యాయం. లీవ్ రిజర్వు పోస్టులు నింపనివారిని అడగాలి.

రైల్వే డివిజన్లలోను, తపాలా డివిజన్లలోను క్రీడా కోటా కింద భర్తీ కాని పోస్టులు, సంవత్సరాల తరబడి పదోన్నతి రాని క్రీడాకారుల వివరాలను శాఖా కార్యదర్శులు వెంటనే కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము. వచ్చే చర్చలలో ఈ అంశాన్ని విడిగా లేవనెత్తుతాము.