ఊరి పనికి ఊరి ఇంజనీరు

పదో తరగతి ఫలితాలు వెలువడే వేళకు మొగుళ్లపల్లి మండలంలోని తల్లిదండ్రులకు ఒకటే ఆరాటం: పిల్లలను ఎందులో చేర్పించాలి? ఇంటర్మీడియట్‌కు పోయేవారు పోగా, పాలిటెక్నిక్ వైపు చూసేవారిలోనూ పలువురు కంప్యూటర్ శాఖనే కోరుకుంటున్నారు. సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా అంటే ఎండలో నిలబడే చదువన్న చిన్నచూపు ఏర్పడింది. దీనివల్ల విద్యార్థితో పాటు ఈ ప్రాంతం కూడా నష్టపోతున్నది.

గత కొన్నేళ్లలో మన జిల్లాలో జరిగినవి గుర్తు చేసుకుంటే చాలు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ డిజైన్‌తో పాటు నాణ్యతా పర్యవేక్షణ, నిర్వహణ లోపాలను ఎత్తిచూపింది. టేకుమట్ల మండలం గర్మిళ్లపల్లి, అవతలి ఒడ్డున ఓడేడు మధ్య మానేరుపై 2016లో మొదలుపెట్టిన వంతెన ఎనిమిదేళ్లకూ పూర్తికాలేదు. 2024 ఏప్రిల్ 22 రాత్రి ఈదురుగాలులకు దాని గడ్డర్లు కూలాయి. ఇదే జిల్లాలో కాకతీయులు తవ్వించిన గణపసముద్రం మాత్రం నేటికీ పొలాలకు నీరందిస్తున్నది.

డిప్లొమా చదివినవాడు ఒకడుంటే ఈ ప్రమాదాలు తప్పేవని మేము అనడం లేదు. డిజైన్లు ఖరారు చేసేదీ, బిల్లులు మంజూరు చేసేదీ పైవారే. కాని కాంక్రీటు పోసే గంటలో పని దగ్గర నిలబడి చూడవలసినవాడు ఇతడే. కలపడం సులువవుతుందని మరో బకెట్ నీళ్లు గుమ్మరిస్తే కాంక్రీటు బలం తగ్గిపోతుందని అతనికి తెలుసు. పోసే కాంక్రీటులోంచే దిమ్మెలు తీసి 28 రోజుల తరువాత పరీక్షించాలనీ, కనీసం వారం రోజులు తడి ఆరనివ్వరాదనీ తెలుసు. ఊళ్లో వేసే సిమెంటు రోడ్డు, కల్వర్టు, బడి గది పది కాలాలు మన్నాలంటే ఈ చిన్న జాగ్రత్తలే ఆధారం.

ఈ చదువు మన పిల్లలకు అందనిదేమీ కాదు. పాలిసెట్‌లో ప్రశ్నలు పదో తరగతి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల నుంచే వస్తాయి. మూడేళ్ల కోర్సు పూర్తిచేస్తే ప్రభుత్వ శాఖలలో అసిస్టెంట్ ఇంజనీర్ పోస్టులకు అర్హత లభిస్తుంది. ఇంకా చదవదలచినవారు ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. అయితే సర్కారు కొలువుల భర్తీ ఏళ్ల తరబడి సాగుతున్న మాట నిజం. పిల్లలు వెనుకంజ వేయడానికి అదీ ఒక కారణమే.

అందుచేత అధికారులు రెండు పనులు చేయాలి. పాలిసెట్ దరఖాస్తుల గడువుకు ముందే మండలంలోని ఉన్నత పాఠశాలలన్నిటిలో ఈ కోర్సు గురించి వివరించి, పరీక్షకు తర్ఫీదు ఇప్పించాలి. డిప్లొమాలో భాగమైన పారిశ్రామిక శిక్షణను, కోరిన విద్యార్థులకు, తమ మండలంలో జరిగే పంచాయతీరాజ్, నీటిపారుదల పనులపైనే ఏర్పాటు చేసి, భృతి చెల్లించాలి.

ఎస్టిమేట్ చదవగలిగి, కొలతల పుస్తకంలో రాసిందానికీ నేలమీద ఉన్నదానికీ తేడా చెప్పగలిగే యువకులు, యువతులు ఊరికి ఇద్దరున్నా కాంట్రాక్టరు ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తాడు. రానున్న ప్రవేశాల నాటికైనా తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించాలి.